చింపిరి అని పేరు పెట్టింది ఎవరు?

ఈసారి భాగం జుట్టు గురించి అని పోయిన వారం చివర్లో ఒక్క లైను రాశాను. అంతే, ఫోన్ల మీద ఫోన్లు. అందులో ఒక తమ్ముడు, ఉద్యమంలో నాకంటే ఎక్కువ లాఠీదెబ్బలు తిన్నవాడు, నిజంగానే నొచ్చుకుని అడిగాడు. "అక్కా, కారంచేడు మీద, చుండూరు మీద రాసిన చేతితోని రింగుల జుట్టుకు ఏం షాంపూ పెట్టాల్నో రాస్తవా?"

రాస్తాను తమ్ముడూ. షాంపూ గురించి కూడా రాస్తాను. కారంచేడు పేరు నువ్వే తీశావు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. 1985 జూలైలో కారంచేడు దేని దగ్గర మొదలైంది? తాగే నీళ్ళ దగ్గర. మా నీళ్ళు మురికి చెయ్యొద్దని మాదిగపల్లె అడిగిన దగ్గర. మహద్ కూడా నీళ్ళ దగ్గరే మొదలైంది. నేను ఇవాళ రాసేది కూడా సగం నీళ్ళ గురించే. రింగుల జుట్టు నీళ్ళు అడుగుతుంది, నూనె అడుగుతుంది, తీరిక అడుగుతుంది. ఈ మూడూ ఎవరి ఇళ్ళలో నిండుగా ఉన్నాయో, ఎవరికి అందకుండా చేశారో లెక్క తీస్తే అది కులం లెక్క అవుతుందా, అందం లెక్క అవుతుందా? నువ్వే చెప్పు.

ముందు జరిగిన సంగతి. మా కాలేజీలో క్యాంపస్ సెలెక్షన్లకు ముందు "గ్రూమింగ్" నేర్పడానికి ఈ నెల ఒక ట్రైనర్ వచ్చాడు. ఏ కంపెనీ పంపిందో ఇక్కడ అనవసరం. ఆ షీటు ఇప్పుడు చాలా కాలేజీల్లో తిరుగుతోంది. ఇంటర్వ్యూ వంద మార్కులైతే పది "రూపానికి". ఆ పదిలో ఆడపిల్లలకు జుట్టు పేరు మీదనే మూడు. జుట్టు నున్నగా తలకు అతుక్కుని ఉండాలట. లేచిన వెంట్రుకలు కనపడకూడదట. ఉంగరాల జుట్టున్నవాళ్ళు స్ట్రెయిటెనింగ్ చేయించుకుంటే "ప్రొఫెషనల్‌గా" ఉంటుందట. కాగితం పంచి ఊరుకుంటే కొంత నయం. ముగ్గురు పిల్లల్ని లేపి నిలబెట్టి, మిగతా క్లాసుకు చూపించి, "ఇలా ఉండకూడదు" అన్నాడు. ముగ్గురిలో ఇద్దరు మన పిల్లలు, ఒకమ్మాయి ముస్లిం.

వారం తిరిగేసరికి వాళ్ళలో ఒకమ్మాయి ఎండలో కూడా తలకు చున్నీ కట్టుకుని క్లాసుకు వచ్చింది. ఎందుకని అడిగితే ఏమీ లేదు మేడమ్ అంది. స్టాఫ్ రూముకు తీసుకుపోయి చున్నీ తీయిస్తే చెవుల వెనక బొబ్బలు. నాలుగున్నర వేలు. మెస్ బిల్లుకు దాచిన డబ్బు. స్కాలర్‌షిప్పు ఎప్పుడు పడుతుందో దేవుడికీ తెలియని రోజుల్లో నాలుగున్నర వేలంటే హాస్టల్ పిల్లకు ఎంతో మీకు చెప్పనక్కర్లేదు. మందు పూస్తున్నప్పుడు కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే పార్లరు ఆమె అన్నదట: "కొంచెం మంట ఉంటుందమ్మా, మంట ఉంటేనే పనిచేస్తున్నట్టు."

ఇది చిన్న విషయం అనిపించేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. మిగతావాళ్ళం ముందుకు పోదాం.

నేను తెలుగు చెప్పుకుని బతికేదాన్ని. కాబట్టి నా పని మాటల దగ్గర మొదలవుతుంది. జుట్టుకు మన సాహిత్యంలో ఉన్నన్ని పేర్లు అన్నానికి కూడా లేవు. కురులు, కుంతలాలు, శిరోజాలు, కచాలు, అలకలు, ధమ్మిల్లం, వేణి. అలివేణి అంటే తుమ్మెదల బారులాంటి జడ ఉన్నది. నీలవేణి అంటే నల్లని జడ ఉన్నది. ఇదంతా ఇంటర్మీడియట్‌లో అందరం బట్టీ పట్టిందే. అయితే ఒక సంగతి మాత్రం మాస్టార్లు ఆగి చెప్పరు. ప్రబంధ నాయికకు వంకీల జుట్టు లోపం కాదు, అలంకారం. అరాళకుంతల అంటే వంకర తిరిగిన జుట్టున్నది. కుటిలాలక అన్నా అదే. ముంగురులంటే నుదుటి మీదికి జారి తిరిగే వెంట్రుకలే కదా? అంటే ఆ ట్రైనర్ షీటు ప్రకారం మన ప్రబంధ నాయికలు చాలామంది జుట్టు మార్కులు మూడూ పోగొట్టుకున్నట్టే.

మరి అదే వంకీ వాడలో పుడితే ఏమైంది? చింపిరి అయింది. కథల్లోకి రండి. అభ్యుదయం రాసిన చేతులు కూడా వాడ పిల్లను పాఠకుడికి పరిచయం చెయ్యాలంటే మూడు ముక్కలతో సరిపెట్టాయి: చింపిరి జుట్టు, చీమిడి ముక్కు, చిరిగిన లాగు. ఈ మూడు "చి"లూ కలిస్తే పాఠకుడి నోట ఒక "ఛీ" వస్తుంది, ఆ తర్వాత కొంచెం జాలి. రచయితకు కావలసింది ఆ జాలే. ఆ పిల్ల నెత్తి ఎందుకు అట్లా ఉందని ఒక్కడూ అడగలేదు. ముంగురులకు గాలి కారణమైతే చింపిరికి ఎవరు కారణం? ద్రౌపది జుట్టు విరబోసుకుంటే యుద్ధానికి కారణం. మా వాడ ఆడది విరబోసుకుంటే దయ్యం పట్టింది. ఇక్కడ వెంట్రుక ఒక్కటే, నిఘంటువులు రెండు.

ఈ రెండో నిఘంటువు వెనక శాస్త్రాలు కూడా ఉన్నాయి. మనుస్మృతి మూడో అధ్యాయం పెళ్ళికి ఎట్లాంటి పిల్లను ఏరుకోవాలో చెబుతూ జుట్టు దాకా వస్తుంది. కపిలవర్ణం పిల్ల వద్దంటుంది, ఒంటి మీద రోమాలు మరీ ఎక్కువున్నా వద్దు, బొత్తిగా లేకపోయినా వద్దంటుంది, తల వెంట్రుకలు సన్నగా ఉన్నదాన్ని చేసుకొమ్మంటుంది. 1927 డిసెంబరు 25న మహద్‌లో బాబాసాహెబ్ తగలబెట్టిన పుస్తకంలో ఈ పేజీలు కూడా కాలాయి. కానీ పెళ్ళిచూపుల్లో "జడ ఒకసారి విప్పమ్మా" అనే పెద్దమ్మలకు ఆ పొగ ఇంకా చేరినట్టు లేదు.

తర్వాత తెల్లదొరలు వచ్చారు. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారతదేశపు కులాలూ తెగల మీద ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. ముక్కు వెడల్పు కొలిచారు, పుర్రె కొలిచారు, జుట్టు ఉంగరాలదా, ఉన్నిలాంటిదా అని రాసుకున్నారు. మనిషిని పశువుల సంతలో పశువును చూసినట్టు చూసిన ఆ చూపే దక్షిణాఫ్రికాలో ఇంకా ముదిరింది. 1950లో జనాభా నమోదు చట్టం వచ్చాక, తెల్లవాడో కాదో తేలని మనిషి జుట్టులో పెన్సిల్ గుచ్చేవారు. జారి కింద పడితే తెల్లవాడు. జుట్టులోనే ఇరుక్కుంటే కాదు. ఒక పెన్సిల్ జారడాన్ని బట్టి ఎక్కడ బతకాలో, ఏ బడికి పోవాలో, ఎవరిని పెళ్ళాడాలో తేలిపోయేది. ఒకే ఇంట్లో పుట్టినవాళ్ళు రెండు జాతులైపోయిన కుటుంబాలున్నాయి.

ఇక్కడ మనవాళ్ళకే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ మధ్య మన పిల్లల్లోనే కొందరు "రింగుల జుట్టు మూలవాసుల గుర్తు, నిటారు జుట్టు ఆర్యుల గుర్తు" అని పోస్టర్లు వేస్తున్నారు. వద్దు. అంబేద్కర్ 1948లో అంటరానివాళ్ళ మీద రాసిన పుస్తకంలో ఈ జాతి సిద్ధాంతాన్నే ఖండించారు. దొరల పద్ధతిలో తీసిన ముక్కు కొలతల లెక్కలనే ముందు పెట్టి, బ్రాహ్మడికీ అంటరానివాడికీ జాతిభేదం లేదని చూపించారు. నా క్లాసులోనే చూస్తున్నాను. నిటారు జుట్టున్న మాదిగ పిల్లలున్నారు, పక్కబెంచీలో నాకంటే గట్టి రింగులున్న బ్రాహ్మణ పిల్ల ఉంది. ఆమెను "రింగుల జుట్టు ఎంత బాగుందే" అంటారు. మా పిల్లను "నూనె పెట్టుకోవా?" అంటారు. జుట్టుకు కులం లేదు. ఆ అడిగే ప్రశ్నకు ఉంది. మన దెబ్బ అక్కడ పడాలి.

నా జుట్టు మా అవ్వ జుట్టు. మాది పాలమూరు. గుంపు మేస్త్రీ వెంట హైదరాబాదుకు, పుణెకు పోయి బిల్డింగు పనులు చేసిన తరం ఆమెది. నెత్తి మీద చుట్టబట్ట, దాని మీద సిమెంటు మాలు తట్ట. రోజంతా ఆ బట్ట ఒకేచోట ఒరుసుకుని నడినెత్తిన జుట్టు పలచబడిపోయేది. చుట్టూ మాత్రం గుబురుగా లేచి ఉండేది, సిమెంటు దుమ్ము పట్టి, చేతికి తగిలితే తుమ్మకంపలాగ. సిమెంటుకు క్షారగుణం ఉంటుంది, వెంట్రుక పైపొరను లేపేస్తుంది అని నేను ఎమ్మేకు వచ్చాక ఎక్కడో చదివాను. ఆమెకు చదవకుండానే తెలుసు. "మాపటికి సిమెంటు దులుపుకునుడే సరిపాయె బిడ్డా, ఇగ దువ్వేటందుకు ఏడ తీరుతది" అనేది. సైటులో నీళ్ళంటే గోడలు తడిపే నీళ్ళే. గోడకు పట్టగా మిగిలితే మనిషికి. ఊరికొస్తే ఉప్పబోరు. ఆ నీళ్ళతో తల పోసుకుంటే నురగ రాదు, జుట్టు ఆరాక తాడులాగ బిరుసెక్కుతుంది. ముగ్గురు పిల్లలకూ ఒకటే బకెట్టు. చిన్నదాన్ని కాబట్టి నా వంతు వచ్చేసరికి అడుగు మట్టం.

పూసలోళ్ళు వచ్చిన రోజు మాత్రం జుట్టుకు విలువ వచ్చేది. గోడ సందులో, చూరులో దోపి పెట్టిన రాలిన ఎంటికల ఉండలు తీసి ఇస్తే పిన్నులో, రిబ్బనో, చిన్న గిన్నెనో ఇచ్చేవాళ్ళు. నెత్తి మీద ఉన్నంతసేపు చింపిరి అన్నది, నెత్తి నుంచి రాలగానే సరుకయ్యేది. ఆ సరుకు కథ కొంచెం కిందికి చెప్తాను.

అంతకంటే ముందు చెప్పాల్సినది ఒకటుంది, ఆ తమ్ముడు కూడా మరిచిపోయింది. మా జిల్లాల్లో, కర్ణాటక సరిహద్దు పొడవునా, ఆడపిల్ల నెత్తిలో ఎంటికలు చిక్కుపడి జడ కడితే ఏమనేవాళ్ళు? ఎల్లమ్మ పిలిచింది అనేవాళ్ళు. ఇక దువ్వొద్దు, కత్తెర పెట్టొద్దు. ఆ జడను చూపించి పిల్లను జోగినిగా విడిచేవాళ్ళు. జోగిని అంటే ఊరి పెద్దలకు ఏమిటో ఈ వ్యాసాలు చదివేవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1988లో చట్టం చేసి నిషేధించారు. చట్టం వచ్చాక కూడా జడ భయం పోలేదు, తెగించి కత్తిరించుకున్నవాళ్ళకే దాని బరువు తెలుసు. ఆ జడ దేవత పిలుపు కాదు. అది నెలల తరబడి నూనె లేకపోవడం, నీళ్ళు లేకపోవడం, పక్కన కూర్చోబెట్టుకుని చిక్కు తీసే ఒక చెయ్యికి తీరిక లేకపోవడం. ఎల్లమ్మకు మా ఇళ్ళ నెత్తులే ఎందుకు కనపడ్డాయో, దొర గడిలో చిక్కుపడిన నెత్తి ఎందుకు కనపడలేదో అడిగినవాళ్ళు ఉద్యమంలో మన ముందుతరం ఆడవాళ్ళే. జుట్టు చిన్న విషయం అన్నవాళ్ళు ఒకసారి వాళ్ళ ముందు అనండి.

మగవాళ్ళ జుట్టు సంగతీ ఇంతే. మంగలి షాపులో మాకు కత్తెర పెట్టని ఊర్లు ఎన్నో మనకు తెలుసు. కత్తెర పెట్టనిదీ ఊరే, తప్పు చేశాడని బలవంతంగా గుండు గీసేదీ ఊరే. 1996 డిసెంబరులో తూర్పుగోదావరి వెంకటాయపాలెంలో దళిత యువకులకు గుండు గీసిన కేసులో శిక్ష పడింది 2024 ఏప్రిల్‌లో. ఇరవై ఏడేళ్ళు దాటాక. 2020 జూలైలో అదే జిల్లా సీతానగరంలో ఒక దళిత యువకుడికి పోలీసు స్టేషన్‌లోనే గుండు గీశారు. అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణలో బలవంతంగా తల గొరగడం, మీసాలు తీయడం అని పేరు పెట్టి నేరాల్లో చేర్చాల్సి వచ్చింది. పార్లమెంటుకు చిన్న విషయం కానిది మనకు ఎట్లా చిన్న విషయం అవుతుంది?

హాస్టళ్ళు. నేను చదివిన సంక్షేమ హాస్టల్లో ఆదివారం తలస్నానం. తొంభై మందికి మూడు నల్లాలు. జుట్టు లేచి ఉండే పిల్లలకు పేండ్లు ఎక్కువని ఒక నమ్మకం. తల లోపల చూడకుండానే మాకు బాబ్ కట్ కొట్టించేవాళ్ళు. పేండ్లకు నిటారు వెంట్రుక అయినా ఒకటే, రింగు అయినా ఒకటే. సబ్బుకు, నూనెకు కలిపి సర్కారు ఇచ్చే కాస్మెటిక్ చార్జీలు తెలంగాణలో 2024 చివరి దాకా మూడు నుంచి ఏడో తరగతి ఆడపిల్లలకు నెలకు 55 రూపాయలు, పైతరగతుల వాళ్ళకు 75. తర్వాత 175, 275 చేశారు. పెంచారు, సంతోషం. 55 రూపాయల్లో కొబ్బరినూనె సీసా ఎంత వస్తుందో ఎవరైనా లెక్క కట్టి ఉంటే ఇంకా ముందే పెంచేవాళ్ళు. ఆ 55 రూపాయల నెత్తితోనే మా పిల్లలు కాలేజీకి వస్తారు. అక్కడ ఒకడు నిలబెట్టి "ఇలా ఉండకూడదు" అంటాడు.

ఇప్పుడు షాంపూ గురించి రాస్తానన్న మాట. క్లాసులో పిల్లలు అడిగింది కూడా ఇదే, "మేడమ్ రాజకీయం సరే, పొద్దున లేచి ఏం చెయ్యాలి?"

మొదట జుట్టు ఎందుకు లేస్తుందో తెలిస్తే సగం దిగులు పోతుంది. వెంట్రుక మొలిచే గుంత నిటారుగా ఉంటే వెంట్రుక నిటారుగా వస్తుంది, గుంత వంగి ఉంటే వంగి వస్తుంది. తలలో ఊరే సహజమైన జిడ్డు నిటారు వెంట్రుక మీద కొస దాకా జారిపోతుంది. మెలికల వెంట్రుక మీద జారలేదు, మొదట్లోనే ఆగిపోతుంది. అందుకే మన మాడు జిడ్డుగా, కొసలు ఎండి ఉంటాయి. ఎండిన వెంట్రుక గాలిలో తేమను పీల్చి ఉబ్బి లేస్తుంది. వానాకాలం, సముద్రం దగ్గర ఊర్లలో ఇంకా ఎక్కువ. అంటే లేచిన జుట్టు మురికి జుట్టు కాదు, దాహంగా ఉన్న జుట్టు. షీటు రాసినవాడికి ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే ఆ మూడు మార్కులు రాసి ఉండడేమో. రాసి ఉండేవాడే, లెండి.

కాబట్టి: పొడి జుట్టును దువ్వొద్దు. రింగుల జుట్టుకు మనం చేసే అతిపెద్ద అన్యాయం ఇదే. పొడిగా దువ్వితే మెలికలన్నీ విడిపోయి పీచు అవుతుంది, వెంట్రుకలు తెగుతాయి. తడి మీద, జారుడుగా ఏదైనా పట్టించి, వేళ్ళతో, తర్వాత వెడల్పు పళ్ళ దువ్వెనతో, కొసల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. పై నుంచి కిందికి లాగితే చిక్కులన్నీ ఒకచోటికి చేరి ముడి పడతాయి. ఆ జారుడుకు కండిషనర్ కొనగలిగితే కొనండి. లేకపోతే మందార ఆకులు నలిపి నీళ్ళలో పిసికితే వచ్చే జిగురు చాలు. మా అవ్వ పండుగలకు చేసేది అదే.

నూనె తలస్నానానికి ముందు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి పోగలదు. తలస్నానానికి ఒక గంట ముందో, ముందురోజు రాత్రో పెడితే కడిగేటప్పుడు వెంట్రుక ఎక్కువ నీళ్ళు తాగి ఉబ్బిపోకుండా కాపాడుతుంది. స్నానం అయ్యాక గిన్నెడు నూనె పోసి తలకు అంటించే హాస్టల్ పద్ధతిలో దుమ్ము పట్టడం తప్ప లాభం తక్కువ. రోజూ షాంపూ వద్దు, వారానికి ఒకసారి, చెమట పనిచేసేవాళ్ళకు రెండుసార్లు. షాంపూ మాడుకే, కొసలకు కారే నురగ చాలు. కుంకుడుకాయ మంచిదే గాని ఒట్టి కుంకుడు రసంతో మన జుట్టు ఇంకా ఎండుతుంది, తర్వాత జిగురు తప్పనిసరి.

తుడిచేది టర్కీ టవలుతో వద్దు. దాని పోగులు వెంట్రుకల్ని లేపుతాయి. పాత కాటన్ లుంగీ, పాత నేతచీర ముక్క, అరిగిన బనియను తీసుకుని రుద్దకుండా పిండండి. తడిగా ఉండగానే అవిసెగింజల జెల్ పట్టించండి. రెండు చెంచాల అవిసెలు, రెండు గ్లాసుల నీళ్ళు, గుడ్డుసొనలాగ తీగ సాగే దాకా మరిగించి, వేడిగా ఉన్నప్పుడే పలచని బట్టలో వడకట్టాలి. చల్లారితే వడకట్టలేరు, తిప్పలు పడతారు. ఫ్రిజ్ లేని గదిలో రెండు రోజులకు మించి ఉంచొద్దు. జెల్ పట్టించి, పిడికిట్లో జుట్టును కింద నుంచి పైకి నొక్కి వదిలి, ఆరే దాకా ముట్టుకోకుండా ఉండండి. నీళ్ళు తగిలినప్పుడు వెంట్రుక లోపలి బలహీనమైన బంధాలు విడిపోయి, ఆరేటప్పుడు మళ్ళీ కడతాయి. తడిలో ఏ ఆకారంలో ఉంచితే ఆ ఆకారంలోనే ఆరుతుంది. రాత్రి వదులుగా జడ వేసి, పాత శాటిన్ లంగా గుడ్డ దిండు మీద పరవండి. మొత్తం ఖర్చు వందగ్రాముల అవిసెలు, ఒక దువ్వెన.

ఇక ఆ నాలుగున్నర వేల మందు. కెరాటిన్ అని పేరు పెట్టి అమ్ముతారు. కెరాటిన్ అంటే మన వెంట్రుకే. ఆ మందుల్లో చాలావాటిలో పనిచేసేది ఫార్మాల్డిహైడ్, లేదా వేడి తగిలితే దాన్ని వదిలే రసాయనం. కళ్ళు మండేది అందుకే. ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో పెట్టింది. అది లేదని చెప్పి అమ్మే కొన్నిట్లో గ్లయాక్సిలిక్ ఆమ్లం ఉంటుంది. 2024లో ఫ్రాన్స్ వైద్యులు ప్రచురించిన ఒక కేసులో, అట్లాంటి మందు పెట్టించుకున్న ప్రతిసారీ ఒక యువతి కిడ్నీలు దెబ్బతిన్నాయి, మూడుసార్లు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 33 వేలకు పైగా ఆడవాళ్ళను దాదాపు పదకొండేళ్ళు గమనించి 2022లో ఒక అంచనా ఇచ్చారు. స్ట్రెయిటెనింగ్ మందులు వాడనివాళ్ళలో 70 ఏళ్ళ వయసుకల్లా గర్భసంచి క్యాన్సర్ 1.64 శాతం, ఏడాదిలో నాలుగుసార్లకు మించి వాడినవాళ్ళలో 4.05 శాతం. మందు వల్లనే వచ్చిందని వాళ్ళు తేల్చలేదు, సంబంధం కనపడిందన్నారు. ఆ మందులు వాడినవాళ్ళలో దాదాపు అరవై శాతం నల్లజాతి ఆడవాళ్ళు. ఎందుకో మీకు తెలుసు, వాళ్ళ దగ్గరా ఇట్లాంటి షీట్లే ఉన్నాయి.

ఒకటి స్పష్టంగా: స్ట్రెయిట్ చేయించుకున్న ఏ ఆడపిల్లనూ నేను తప్పుపట్టడం లేదు. ఉద్యోగం కావాలి. ఇంట్లో అప్పుంది. మూడు మార్కులకు ఉద్యోగం పోతుందంటే నాలుగున్నర వేలు పెట్టుబడి అనుకుంటుంది, అది తెలివితక్కువతనం కాదు. సరదాకు చేయించుకున్నా తన ఇష్టం. "ఆత్మగౌరవం అమ్ముకున్నావా" అని ఆ పిల్లల్ని నిలదీసే మన మగ కామ్రేడ్లు ముందు షీటు రాసినవాడిని నిలదీయండి.

ఇంకో గుంపుతో కూడా నాకు తగాదా ఉంది. "మీ కర్ల్స్‌ను ప్రేమించండి" అని వీడియోలు చేసే అక్కలు. ప్రేమించాలంటే పన్నెండు వందల క్రీము, తొమ్మిది వందల జెల్, పట్టు దిండుగలీబు. వాళ్ళ మాటల్లో వినపడేదంతా నల్లజాతి ఆడవాళ్ళ నుంచి తెచ్చుకున్న జ్ఞానం, నల్లజాతి ఆడవాళ్ళ పేరు మాత్రం వినపడదు. జుట్టును నాలుగు రకాలుగా, మళ్ళీ ఎ, బి, సి అని విడగొట్టిన పట్టిక కూడా ఓప్రా విన్‌ఫ్రీ జుట్టు దువ్విన ఆండ్రే వాకర్ చేసిందే. ఆఫ్రో అంటే ఒకప్పుడు ఒక రాజకీయ ప్రకటన. బొంబాయిలో 1972లో మనవాళ్ళు పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది ఆ ఉద్యమం చూసే. ఆ ఏంజెలా డేవిసే 1994లో ఒక వ్యాసంలో, తన పోరాటమంతా జనం జ్ఞాపకంలో ఒక హెయిర్ స్టైల్‌గా కుదించుకుపోయిందని బాధపడ్డారు. అందుకే నాకు ఈ "ప్రేమించండి" మీద అనుమానం. నా జుట్టును ప్రేమించమని నేను ఎవరినీ అడగడం లేదు. మార్కులు వెయ్యొద్దని అడుగుతున్నాను.

సరుకు కథ అన్నాను కదా. తిరుమల కల్యాణకట్టలో రాలిన జుట్టును దేవస్థానం వేలం వేస్తుంది. ఏలూరు లాంటి ఊర్లలో దాన్ని చిక్కుతీసి, పొడుగు ప్రకారం కట్టలు కట్టి విదేశాలకు పంపే వ్యాపారం ఉంది. క్రిస్ రాక్ 2009లో తీసిన గుడ్ హెయిర్ అనే డాక్యుమెంటరీ దీన్నే వెంటాడుతూ మన దాకా వస్తుంది. మన నెత్తుల జుట్టు పోయి, మీ జుట్టు మంచిది కాదు అనిపించుకున్న అమెరికా నల్లజాతి ఆడవాళ్ళ నెత్తికి అతుక్కుంటోంది. ఆ కట్టల్లో ఏది మాదిగ జుట్టు, ఏది కమ్మ జుట్టు అని వేలంపాటలో ఎవరూ అడగరు. మనిషి నుంచి విడిపోయాకే మన వెంట్రుకకు కులం పోతోంది.

వేరేచోట్ల ఏం చేశారు? 2016 ఆగస్టులో ప్రిటోరియా గర్ల్స్ హైస్కూల్ నల్లజాతి విద్యార్థినులు, మా జుట్టు ఎట్లా మొలుస్తుందో అట్లాగే బడికి వస్తామని నిరసన చేశారు. స్కూలు పిల్లలు. ప్రావిన్సు విద్యాశాఖ ఆ జుట్టు నిబంధనను నిలిపివేయాల్సి వచ్చింది. 2019లో కాలిఫోర్నియా, జాతితో ముడిపడిన జుట్టు తీరును బట్టి ఉద్యోగంలో, బడిలో వివక్ష చూపడాన్ని నిషేధిస్తూ క్రౌన్ చట్టం చేసింది. తర్వాత ఇంకా చాలా రాష్ట్రాలు ఆ బాట పట్టాయి. మనకు అట్లాంటి చట్టం లేదు. షీటు మీద కులం పేరు ఉండదు కాబట్టి అట్రాసిటీ చట్టం కిందికీ రాదు. కులం పేరు రాయకుండా కులం మార్కులు వెయ్యడం ఎట్లాగో ఈ కంపెనీలు మనకంటే బాగా చదువుకున్నాయి.

మేము ప్రిన్సిపాల్ గారికి ఇచ్చిన కాగితం మీద 41 సంతకాలున్నాయి. జుట్టు మార్కులు షీటు నుంచి తీసెయ్యాలి, పిల్లల్ని నిలబెట్టి చూపించడం ఇంకోసారి జరగకూడదు, ఆ అమ్మాయి ఆసుపత్రి ఖర్చు ట్రైనర్‌ను పంపినవాళ్ళు కట్టాలి అని అడిగాం. ఆయన సౌమ్యంగానే చెప్పారు, "అది కంపెనీ పాలసీ అమ్మా, మన చేతిలో లేదు." మన కాలేజీ గదిలో, మన కరెంటుతో, మన పిల్లల్ని నిలబెట్టినప్పుడు మన చేతిలో లేదట. 22న డ్రైవ్. దానికి ముందు 19న మళ్ళీ పోతున్నాం. ఈసారి వేరే రెండు కాలేజీల పిల్లలు కూడా వస్తామన్నారు.

మీ కాలేజీలో ఇట్లాంటి షీటు ఎవరైనా పంచి ఉంటే ఫోటో తీసి పంపండి. పేర్లు బయటపెట్టను, ఎన్ని కాలేజీలో లెక్క కావాలి. బొబ్బలొచ్చిన అమ్మాయి చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళింది, నయం అవుతోంది. 22న ఇంటర్వ్యూకు జుట్టు వదులుగా ముడి వేసుకుని పోతానంది, మొదట్లో కొత్త రింగులు అప్పుడే మొలుస్తున్నాయట.

శనివారం రెండింటికి లైబ్రరీ వెనక వరండాలో కూర్చుంటున్నాం. వెడల్పు పళ్ళ దువ్వెన, పాత కాటన్ గుడ్డ మీరు తెచ్చుకోండి. అవిసె జెల్ నేను తెస్తాను. అబ్బాయిలు కూడా రావచ్చు, చిక్కు తియ్యడం ఓపిక పని, నేర్చుకుంటే ఇంట్లో పనికొస్తుంది.

జై భీమ్.